ఇంటి గోడలో తేనెటీగలు: నిప్పు పెట్టక ముందు తెలుసుకోవలసిన చరిత్ర



సంక్రాంతి వెళ్లి మామిడి పూత మొదలైన దగ్గర్నుంచి ఉగాది దాకా మాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. "అయ్యగారూ, మా సన్‌షేడ్ కింద తేనెపట్టు పెట్టింది. శుభమా, కీడా?" అని కొందరు అడుగుతారు. "కరెంటు మీటరు పెట్టెలో ఈగలు దూరాయి, చంటిపిల్లలున్న ఇల్లు, రాత్రికి కిరోసిన్ గుడ్డ అంటించి పెట్టెయ్యమంటారా?" అని ఇంకొందరు అడుగుతారు.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. దాన్ని చివర్లో చెబుతాం. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. ఇంట్లో చేరిన తేనెటీగను ఏం చెయ్యాలన్నది మనకు ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రశ్న కాదు. మూడు వేల ఏళ్లుగా మనుషులు దానికి మూడు రకాల జవాబులు చెప్పుకుంటూ వచ్చారు. కాల్చెయ్యడం ఒకటి. గోడలోనే చోటు ఇవ్వడం ఒకటి. పెట్టెలోకి మార్చి ఇంకోచోట బతకనివ్వడం ఒకటి. ఈ మూడో దారి తెరిచినవాడు ఒక సంఘ కాపరి. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ వారం ఈ వ్యాసం.

బైబిలు దేశంలో ఊరి నడుమ తేనె గూళ్లు

బైబిలులో తేనె చాలాచోట్ల కనిపిస్తుంది. సమ్సోను చంపిన సింహపు కళేబరంలో తేనెటీగలు చేరిన సంగతి న్యాయాధిపతులు 14వ అధ్యాయంలో ఉంది. యోనాతాను చేతికర్ర కొనతో అడవి తేనె ముట్టిన సంగతి మొదటి సమూయేలు 14వ అధ్యాయంలో ఉంది. దెబోరా అనే పేరుకు హెబ్రీ భాషలో తేనెటీగ అనే అర్థం. మన తెలుగు బైబిలు అనువాదకులు తేనెతో పాటు జుంటితేనె అనే చక్కటి పాత మాటను కూడా వాడారు.

అయితే ఇవన్నీ అడవిలో దొరికిన తేనె సంగతులు. ఇశ్రాయేలీయులు తేనెటీగలను పెంచారని బైబిలు ఎక్కడా సూటిగా చెప్పదు. అందుకే పాలు, తేనెలు ప్రవహించే దేశం అన్న మాటలోని తేనె నిజానికి ఖర్జూరపు పాకమని చాలామంది పండితులు అనేవారు.

2007లో ఆ చర్చ కొత్త మలుపు తిరిగింది. బేత్షానుకు దక్షిణంగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, యొర్దాను లోయలో, తేల్ రెహోవ్ అనే పాత పట్టణపు దిబ్బ ఉంది. అక్కడ తవ్వకాలు జరిపించిన హెబ్రీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు అమిహాయ్ మజార్ బృందానికి మట్టి, గడ్డి కలిపి చేసిన గొట్టాల వంటి గూళ్లు వరసలు వరసలుగా దొరికాయి. ఒక్కొక్కటి సుమారు 80 సెంటీమీటర్ల పొడవు. ఒక కొసన ఈగ దూరేంత చిన్న రంధ్రం, రెండో కొసన తీసి పెట్టుకునే మూత. ముప్పై దాకా గూళ్లు బయటపడ్డాయి. మొత్తం వంద లేదా అంతకు మించి ఉండి ఉంటాయని అంచనా వేశారు. ఇవి క్రీస్తుకు పూర్వం పదో, తొమ్మిదో శతాబ్దాల నాటివి. అంటే సొలొమోను తరువాతి రాజుల కాలం.

ఇందులో మనకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ గూళ్లు ఊరి బయట తోటలో లేవు. ఇళ్లు కిక్కిరిసిన పట్టణం నడుమ ఉన్నాయి. పిల్లలు ఆడుకునే చోట, ఆడవాళ్లు నీళ్లు మోసుకునే దారి పక్కన లక్షల కొద్దీ ఈగలు తిరుగుతుండేవన్నమాట. ఆ తవ్వకాల్లోనే ఒక జాడీ మీద నింషీ అనే పేరు చెక్కి ఉంది. యెహూ రాజు వంశావళిలో ఆ పేరు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నింషీ, ఈ నింషీ ఒకరేనని రుజువు లేదు గానీ, ఆ పేరు గల కుటుంబం ఆ ప్రాంతంలో ఉండేదని మాత్రం తెలుస్తోంది.

ఆ గూళ్లు ఒక అగ్నిప్రమాదంలో కూలిపోయాయి. కాలి బొగ్గయిన పట్టుల్లో ఈగల శరీరాల ముక్కలు అలాగే మిగిలాయి. శాస్త్రజ్ఞులు వాటిని పరిశీలించి 2010లో ఒక వింత సంగతి చెప్పారు. అవి ఆ దేశపు ఈగల కంటే ఇప్పటి టర్కీ ప్రాంతపు ఈగలకు దగ్గరగా ఉన్నాయట. టర్కీ ఈగ స్థానిక ఈగ కంటే నెమ్మదైనది, తేనె ఎక్కువ పెట్టేది. ఊరి నడుమ పెంచడానికి కుట్టే గుణం తక్కువైన ఈగలను దూరం నుంచి తెప్పించుకుని ఉంటారని వారి ఊహ. ఈగతో కలిసి ఒకే ఊళ్లో బతకాలంటే ముందు ఏ ఈగో తెలియాలి. ఈ పాఠం అంత పాతది.

కాశ్మీరు గోడలో గూడు

ఇలాంటి గూడే మన దేశంలోనూ ఉంది. విలియం మూర్‌క్రాఫ్ట్ అనే ఆంగ్లేయ పశువైద్యుడు 1820లలో కాశ్మీరు తిరిగి, చూసినవన్నీ రాసి పెట్టాడు. ఆయన చనిపోయాక, 1841లో అది పుస్తకంగా వచ్చింది. అక్కడి రైతు ఇల్లు కట్టేటప్పుడే గోడలో తేనెటీగల కోసం చోటు వదిలేవాడు. గోడ మందం పొడవునా మట్టితో మెత్తిన గొట్టం ఉంటుంది. బయటి వైపు ఈగలకు సన్నని దారి, ఇంటి లోపలి వైపు మట్టి మూత. తేనె కావలసినప్పుడు ఇంటాయన లోపలి మూత తీసి, నిప్పు మీద గడ్డి పొగ రాజేసి లోపలికి ఊదుతాడు. ఈగలు బయటి దారిన వెళ్లిపోతాయి. పట్టు కొంత కోసుకుని, కొంత ఈగలకు వదిలి మూత పెట్టేస్తాడు. సాయంత్రానికి ఈగలు తిరిగి వస్తాయి. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలు ఆ గోడ పక్కనే పెరిగారు. హిమాచల్, ఉత్తరాఖండ్ కొండ ఊళ్లలోనూ ఇలాంటి గోడ గూళ్లు ఉన్నాయి.

మన తెలుగు నేలలో గోడ గూళ్ల ఆనవాయితీ అంతగా కనబడదు. మనకు తేనె అంటే అడవి, పుట్ట, చెట్టు తొర్ర. నల్లమల చెంచులు కొండ చరియల మీది పెద్ద పట్టుల కోసం తాడు మీద దిగుతారు. పైన తాడు పట్టుకునే మనిషి బావమరిది అయి ఉండాలని వారిలో మాట ఉంది. చెల్లెలి పసుపు కుంకుమలు చల్లగా ఉండాలని కోరేవాడు తాడు వదలడని దాని భావం. అలా తెచ్చిన తేనెను కొనడం 1956లో విశాఖపట్నంలో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చేపట్టిన పనుల్లో ఒకటి. మనం దుకాణంలో కొనే గిరిజన్ తేనె అదే.

మైదానంలో మాత్రం మనకు తేనెటీగతో పరిచయం తక్కువ. మన వేమన కూడా కూడబెట్టి దానం చెయ్యని లోభికి పోలికగానే తేనెటీగను చెప్పాడు. ఈగ కూర్చిన తేనె దారిన పోయేవాడి పాలైనట్టే లోభి ధనమూ పరుల పాలవుతుందని ఆయన హెచ్చరిక. మన ఊళ్లలో తేనెపట్టు కథ కూడా అలాగే ముగిసేది. రాత్రి దివిటీ పెట్టి ఈగలను కాల్చి, పట్టు దులిపి, పిల్ల పురుగులతో సహా పిండేసుకునేవారు. ఇంట్లో పట్టు పెడితే ఇప్పటికీ అదే అలవాటు మన చేతికి వస్తుంది.

అటక మీద తేనెటీగలను చూసిన కాపరి

కాల్చడం మన ఒక్కరి అలవాటే కాదు. ఐరోపాలో వందల ఏళ్లు గడ్డితో అల్లిన బుట్టల్లో ఈగలను పెంచారు. బుట్టలోని పట్టులు గోడలకు అతుక్కుని ఉంటాయి, విడదీయడానికి రాదు. అందుకని చలికాలం ముందు గుంట తవ్వి, గంధకం వెలిగించి, దాని మీద బుట్ట పెట్టేవారు. ఈగలన్నీ ఆ పొగకు చచ్చేవి. అప్పుడు తేనె తీసుకునేవారు. ఏడాదంతా పని చేసినవాటికి చివర్లో అదే కూలి.

దీన్ని మార్చాలని చాలామంది ప్రయత్నించారు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రాన్స్వా హ్యూబర్ చూపు లేనివాడు. ఆయన సేవకుడు బర్నెన్స్ ఈగలను చూసి చెబుతుంటే, ఆయన విని ఆలోచించి, పుస్తకంలో పేజీల్లా తెరుచుకునే గూడు తయారు చేయించాడు. తన పరిశీలనలను 1792లో ప్రచురించాడు. కళ్లున్నవారు చూడని ఎన్నో సంగతులు ఆయన చూశాడు.

ఆ పుస్తకం చదివినవారిలో ఒకాయన లొరెంజో లాంగ్‌స్ట్రాత్. 1810లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాడు. యేల్‌లో చదివి, 1836లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆండోవర్‌లో సంఘ కాపరి అయ్యాడు. 1838 వేసవిలో ఒక స్నేహితుడి ఇంటికి వెళితే బల్ల మీద పెద్ద గాజు పాత్రలో తేనెపట్టు కనిపించింది. ఇది ఎక్కడిదని అడిగితే, స్నేహితుడు ఆయన్ను ఇంటి అటక మీదికి తీసుకెళ్లాడు. తేనెటీగలు అక్కడ, ఆ ఇంటి పైకప్పు కిందే ఉన్నాయి. ఆ రోజు ఇంటికి వెళ్లేలోపే ఆయన రెండు ఈగల గుంపులను కొన్నాడు.

ఆయన జీవితం సుఖంగా సాగలేదు. మనసు కుంగిపోయే జబ్బు పదే పదే వచ్చేది. నెలల తరబడి వాక్యం చెప్పలేక, సేవ వదులుకోవలసి వచ్చేది. ఆ కాలంలో ఆయనకు ఆసరా అయినవి ఆ ఈగలే. 1851లో ఆయనకు ఒక కొలత తట్టింది. పట్టుకీ గోడకీ మధ్య సుమారు తొమ్మిది మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే ఈగలు దాన్ని నడిచే దారిగా వదిలేస్తాయి. అంతకంటే ఎక్కువ ఉంటే అక్కడ ఇంకో పట్టు కడతాయి. తక్కువ ఉంటే బంక పెట్టి మూసేస్తాయి. ఆ ఒక్క కొలత పాటించి చెక్క చట్రాలను పెట్టెలో వేలాడదీస్తే, ఈగలు ఒక్కో చట్రంలో ఒక్కో పట్టు కడతాయి. చట్రాన్ని పైకి తీయవచ్చు, చూడవచ్చు, తేనె తీసుకుని మళ్లీ పెట్టవచ్చు. ఒక్క ఈగనూ చంపనక్కరలేదు.

1852లో ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు, 1853లో పుస్తకం రాశాడు. పేటెంటు వల్ల ఆయనకు పెద్దగా డబ్బు రాలేదు. అందరూ ఆ పెట్టెను చేసుకున్నారు, చాలామంది ఆయనకు రుసుము కట్టలేదు. 1895 అక్టోబరులో, ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో, ఒక ఆదివారం ప్రభువు బల్ల వేళ ప్రసంగం మొదలుపెడుతూ ఆయన ప్రాణం విడిచాడు. ఇవాళ ప్రపంచంలో తేనెటీగల పెట్టె ఎక్కడ కనిపించినా, అందులో ఈ కాపరి కనిపెట్టిన ఆ ఖాళీ ఉంటుంది.

ఫాదర్ న్యూటన్ పెట్టె, మన దక్షిణాది

1880లలో బెంగాల్, పంజాబ్ ప్రాంతాల్లో పెట్టెల్లో ఈగలను పెంచే ప్రయత్నాలు జరిగాయి గానీ అంతగా ఫలించలేదు. పాశ్చాత్య ఈగ కొలతలతో చేసిన పెట్టె మన ఈగకు పెద్దది. మన పుట్ట తేనెటీగ చిన్నది, దాని పట్టుల మధ్య దూరమూ తక్కువే.

దక్షిణాదిలో ఆ చిక్కు విప్పినవాడు కూడా దైవసేవకుడే. తిరుచిరాపల్లి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ అనే కేథలిక్ గురువు 1911 నుంచి 1917 వరకు పల్లె ప్రజలకు తేనెటీగల పెంపకం నేర్పాడు. మన ఈగకు తగ్గట్టు చిన్న పెట్టె తయారు చేశాడు. దాన్ని ఇప్పటికీ న్యూటన్ పెట్టె అనే అంటారు. ఆ తరువాత 1920లలో తిరువాంకూరు సంస్థానంలోని మార్తాండంలో వై.ఎం.సి.ఎ. తరఫున స్పెన్సర్ హాచ్ అనే అమెరికన్ పల్లె పునర్నిర్మాణ కేంద్రం నడుపుతూ, పేద కుటుంబాల పెరళ్లలో ఈ పెట్టెలు పెట్టించాడు. 1928లో వ్యవసాయంపై రాయల్ కమిషన్ నివేదిక వచ్చాక కుటీర పరిశ్రమగా దీనికి ప్రోత్సాహం పెరిగింది. స్వాతంత్ర్యం వచ్చాక ఖాదీ గ్రామోద్యోగ సంస్థ ఈ పనిని అందుకుంది.

1991, 92లలో పెద్ద దెబ్బ తగిలింది. థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిలోని పుట్ట తేనెటీగల పిల్ల పురుగులను తుడిచిపెట్టేసింది. పెట్టెల్లోని గుంపుల్లో నూటికి తొంభైకి పైగా పోయాయని చెబుతారు. అప్పటి నుంచి పెంపకందారులు ఐరోపా జాతి ఈగల వైపు మళ్లారు. ఈ ఈగలను 1960ల తొలి ఏళ్లలో ఉత్తరాదిన నగ్రోటా బగ్వాన్‌లో మన దేశంలో నిలదొక్కుకునేలా చేశారు. నేడు తోటల్లో, పొద్దుతిరుగుడు చేలల్లో వరసగా పెట్టిన పెట్టెలు కనిపిస్తే వాటిలో ఎక్కువగా ఉండేవి ఇవే. మనకు దగ్గర్లోనే, ఏలూరు పక్కనున్న విజయరాయిలో తేనెటీగల మీద పరిశోధన జరిగింది. ఇంత దగ్గర ఇంత విద్య ఉండగా మనం ఇంకా కిరోసిన్ గుడ్డ దగ్గరే ఆగిపోకూడదు.

ఆ జబ్బుకు తట్టుకుని మిగిలిన పుట్ట తేనెటీగలే ఇవాళ మన మీటరు పెట్టెల్లోకి, వెంటిలేటర్లలోకి వస్తున్నవి. అంటే మనం కాల్చేది చచ్చి బతికిన జాతిని.

అవి ఇల్లు ఎలా చూసుకుంటాయి?

ఈగలు మన ఇంటినే ఎందుకు ఎంచుకున్నాయని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు యుద్ధంలో కూలిన ఒక నగరంలో దొరికింది. 1949లో జర్మనీలోని మ్యూనిక్‌లో మార్టిన్ లిండావర్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఒక కొమ్మకు వేలాడుతున్న ఈగల గుంపును చూశాడు. కొన్ని ఈగలు ఆ గుంపు మీద నాట్యం చేస్తున్నాయి. పూల జాడ చెప్పే ఈగకు పుప్పొడి అంటి ఉండాలి. వీటికి మసి, ఇటుక దుమ్ము అంటి ఉన్నాయి. బాంబులకు కూలిన ఇళ్లలో, పొగగొట్టాల్లో అవి చోటు వెతికి వచ్చాయని ఆయనకు అర్థమైంది. అవి పూల గురించి కాదు, ఇంటి గురించి చెబుతున్నాయి.

ఆ తరువాతి పరిశోధనల్లో మిగతా సంగతి తెలిసింది. గూడు నిండాక పాత రాణి సగానికి పైగా ఈగలతో ఇల్లు వదిలి వెళుతుంది. కొత్త రాణికి కట్టిన ఇల్లు వదిలేస్తుంది. వెళ్లిన గుంపు ఏదో కొమ్మకు ఒకటి రెండు రోజులు వేలాడుతుంది. కొన్ని వందల ఈగలు వేర్వేరు చోట్లు చూసి వచ్చి, ఒక్కొక్కటీ తాను చూసినదాన్ని నాట్యంలో చెబుతుంది. మిగతావి వెళ్లి సరిచూసి వస్తాయి. క్రమంగా ఒక చోటి వైపు మొగ్గు పెరిగి, తగినన్ని ఈగలు అక్కడ కూడాకే గుంపు కదులుతుంది. ఎండా వానా తగలని బోలు, చిన్న ద్వారం, కాస్త ఎత్తు, ఇవి వాటికి కావలసినవి.

హనుమాన్ జంక్షన్‌లో ఇప్పుడు అలాంటి బోలు ఎక్కడుంది? మన జంక్షన్ ఒక అంచు మీద ఉంది. ఒకవైపు నూజివీడు మెట్ట, మామిడి తోటలు. ఇంకోవైపు గుడివాడ దాకా కాలువలు, వరి చేలు. పూతకు కొదవ లేదు. గూటికే కొదవ. రోడ్డు వెడల్పు అయినప్పుడల్లా పెద్ద చింతలు, మర్రులు పోయాయి. పుట్టలున్న బీడు ప్లాట్లయింది. పెంకుటిళ్లు పోయి స్లాబులు వచ్చాయి. తొర్ర చూసుకునే ఈగకు మిగిలినవి మీటరు పెట్టె, వాడని నీళ్ల ట్యాంకు, గోడ పగులు, వెంటిలేటరు. కొండ చరియ చూసుకునే పెద్ద ఈగకు మిగిలినవి మూడంతస్తుల సన్‌షేడ్, సెల్ టవరు.

ఏ ఈగో చూసి నిర్ణయించండి

మన ఇళ్ల దగ్గర ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. ఏది ఏదో తెలియకుండా చెయ్యి పెట్టొద్దు.

పెద్ద తేనెటీగ: బయట, ఎత్తున, ఒకే ఒక్క పెద్ద పట్టు. ఒక్కోసారి మీటరు వెడల్పు దాకా ఉంటుంది. పట్టు మీద ఈగలు తెరలా కప్పుకుని ఉంటాయి, కదిపితే అల పారినట్టు మెరుస్తాయి. ఇది ప్రమాదకరమైనది. గుంపుగా తరుముతుంది. వందల కాట్లు పడితే మూత్రపిండాలు దెబ్బతిని మనిషి ప్రాణమే పోవచ్చు. దీన్ని పెట్టెలో పెట్టలేరు. ఇది వలస ఈగ. పూత అయిపోగానే తనంతట తాను వెళ్లిపోతుంది, మరుసటి ఏడు అదే చోటికి రావచ్చు కూడా. ఎత్తున ఉండి ఎవరికీ అడ్డం కాకపోతే కింద దారి మూసి, పిల్లలను దూరంగా ఉంచి, వెళ్లేదాకా ఓపిక పట్టడమే మేలు. రాళ్లు, టపాకాయలు, పొగ, డప్పుల మోత దాని దగ్గర వద్దు. తియ్యక తప్పదంటే ఆ పని తెలిసినవారినే, రాత్రిపూట, ఇరుగు పొరుగుకు ముందే చెప్పి, పిలవండి. ఈగలు వెళ్లిపోయాక మిగిలిన మైనం గీకి సున్నం వేస్తే ఆ వాసనకు మళ్లీ రావడం తగ్గుతుంది.

చిన్న తేనెటీగ: పొదలో, కిటికీ ఊచకు, పెరటి నిమ్మ కొమ్మకు అరచేయంత ఒకే పట్టు. కదపకపోతే కుట్టడం అరుదు. వదిలెయ్యండి.

పుట్ట తేనెటీగ: లోపల, చీకటి బోలులో, వరసగా అనేక పట్టులు. బయటికి కనిపించేది చిన్న రంధ్రం, వచ్చే పోయే ఈగలు మాత్రమే. పెట్టెలోకి మార్చగలిగినది ఇదే.

ఈ ఏడాది మన మందిరం వెనుక సామాన్ల గది వెంటిలేటరులో చేరింది ఈ పుట్ట తేనెటీగే. సండే స్కూలు పిల్లలు కూర్చునే చోటుకు అది పదడుగుల దూరం. యువకులు కొందరు శనివారం రాత్రి కాల్చేద్దామన్నారు. వారి భయం తప్పు కాదు. పిల్లల్లో ఒకరికి తేనెటీగ కాటు పడదని తల్లి మాకు ముందే చెప్పింది. పెద్దలం కూర్చుని ఆలోచించి రెండు పనులు చేశాం. ఆ ఆదివారం పిల్లల తరగతిని ముందు వరండాలోకి మార్చాం. తేనెపెట్టెలు పెంచే ఒకాయనను పిలిపించాం.

ఆయన చేసిన పని మీకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాం. సాయంత్రం, ఎండ తగ్గాక మొదలుపెట్టాడు. ముసుగు, చేతి తొడుగులు వేసుకుని, కొబ్బరి పీచుతో పలచగా పొగ ఊదాడు. పొగ వల్ల ఈగలు తేనె తాగడంలో పడతాయి, ఒకదానికొకటి ప్రమాదం చెప్పుకునే వాసన కూడా కప్పబడిపోతుంది. తరువాత పట్టులు ఒక్కొక్కటిగా కోశాడు. పిల్లలున్న పట్టులను అరటి నారతో చెక్క చట్రాలకు కట్టి పెట్టెలో దించాడు. రాణిని వెతికి చిన్న జల్లెడ పంజరంలో పెట్టి పెట్టెలో ఉంచాడు. రాణి ఉన్నచోటికి మిగతావి వాటంతటవే నడిచి వచ్చాయి. మేతకు వెళ్లినవి కూడా తిరిగి వచ్చేదాకా పెట్టెను అక్కడే ఉంచి, చీకటి పడ్డాక ద్వారం మూసి తోటకు తీసుకెళ్లాడు. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టమన్నాడు, చీమలు ఎక్కకుండా. మర్నాడు మేము వెంటిలేటరులో మిగిలిన మైనం గీకి, కడిగి, సన్నని జాలీ బిగించి చుట్టూ సిమెంటు పూశాం. మూయకుండా వదిలితే పాత మైనం వాసనకు ఇంకో గుంపు వస్తుంది.

మందు కొట్టి చంపితే ఏమవుతుందని అడిగితే ఆయన చెప్పిన మాట కూడా వినండి. గోడ లోపల వేల ఈగలు చచ్చి కుళ్లుతాయి. కాపలా లేని తేనె కరిగి గోడ వెంట కారుతుంది. చీమలు చేరతాయి. వేరే ఈగలు ఆ విషపు తేనెను తమ గూటికి మోసుకుపోతాయి. కిరోసిన్ అంటిస్తే మీటరు పెట్టె పక్కన ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

కాటు పడితే ఏం చెయ్యాలో ఇంట్లో అందరికీ తెలియాలి. ఈగను నలపొద్దు, చేతులు విసరొద్దు. నలిగిన ఈగ నుంచి అరటిపండు లాంటి వాసన వస్తుంది, అది మిగతా ఈగలను పిలుస్తుంది. ముఖం కప్పుకుని తిన్నగా పరుగెత్తి గదిలోకి వెళ్లి తలుపు వేసుకోండి. ముల్లును గోటితో వెంటనే గీకెయ్యండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం, నాలుక వాచినా, కళ్లు తిరిగినా క్షణం ఆగకుండా 108కి ఫోను చెయ్యండి. కాట్లు ఎక్కువ పడితే మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇలాంటప్పుడు ప్రార్థన చెయ్యండి, దాంతో పాటే బండి కూడా తియ్యండి.

శుభమా, కీడా?

ఇంట్లో పట్టు పెడితే లక్ష్మి వచ్చిందని కొందరు, ఇల్లు పాడుపడుతుందని కొందరు అంటారు. మేము ఏదీ చెప్పం. ఈగ మన జాతకం చూసి రాలేదు. చెట్టు పోయి, పుట్ట పోయి, వందల ఈగలు వెతికి వెతికి ఒప్పుకున్న చోటికి వచ్చింది. అది చెప్పేది మన భవిష్యత్తు గురించి కాదు, మన ఊళ్లో మిగిలిన చెట్ల గురించి. మన పెరటి దోస, గుమ్మడి, బీర కాయలు కాసేది, కొబ్బరి గెల నిలిచేది చాలావరకు ఇలాంటి ఈగల పని వల్లే.

సృష్టిని ఏలమని దేవుడు మనిషికి అప్పగించాడని మనం ప్రతి ఏడూ ఆదికాండం చదివినప్పుడు చెప్పుకుంటాం. ఏలడమంటే ఏమిటో ఆండోవర్ కాపరి జీవితంలో కొంత కనిపిస్తుంది. ఆయన ఈగను మచ్చిక చెయ్యలేదు. అది ఎలా బతుకుతుందో ఏళ్ల తరబడి చూసి, దానికి కావలసిన ఖాళీ ఎంతో కనిపెట్టి, అంత ఖాళీ ఇచ్చాడు. మనిషికి తేనె దక్కింది, ఈగకు ప్రాణం దక్కింది.

కాబట్టి ఈ పూతకాలంలో మీ ఇంట్లో ఈగలు చేరితే ముందు పిల్లలను, పెద్దలను దూరంగా ఉంచండి. పగటి వెలుగులో, దూరం నుంచి, ఏ ఈగో చూడండి. ఫోటో తీసి మాకు పంపండి. పుట్ట తేనెటీగ అయితే పెట్టెవారి నంబరు మందిరంలో రాసిపెట్టి ఉంది. పెద్ద తేనెటీగ అయితే కింద తాడు కట్టి ఓపిక పట్టండి. పెరట్లో చోటున్నవారు ఒక చెట్టు నాటండి. వేప, కానుగ, నేరేడు ఏదైనా సరే.

ప్రభువు మీ ఇళ్లను, మీ ఇళ్లకు చేరినవాటినీ కాపాడును గాక. ఆమేన్.